పోస్ట్‌డాక్ వెతుకుతున్నారా? ముందు జీతం ఎవరిస్తారో తేల్చుకోండి

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లపాటు ఒక ల్యాబ్‌లో చేసే పరిశోధన ఉద్యోగం. థీసిస్ సబ్మిట్ చేసే నాటికి చాలామంది చేతిలో ఒక సీవీ, ఓ రెండు వందల మంది ప్రొఫెసర్ల ఈమెయిల్ అడ్రసులు ఉంటాయి. ఒకే ఉత్తరం, పైన పేరు మార్చి అందరికీ పంపుతారు. నెల గడిచినా జవాబు రాదు. పేపర్లు తక్కువయ్యాయనో, చదివిన యూనివర్సిటీ చిన్నదనో కుంగిపోతారు. చాలాసార్లు అసలు సంగతి వేరు. ఆ ల్యాబ్‌లో ఆ ఏడాది పోస్ట్‌డాక్‌కి ఇవ్వడానికి డబ్బు లేదు. ఉన్నా, అది మీరు చేసే పని కోసం వచ్చిన డబ్బు కాదు.

పీహెచ్‌డీలో చేరినప్పటి పద్ధతి ఇక్కడ పనికిరాదు. అప్పుడు యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇచ్చింది, ఎంట్రన్స్ రాశారు, ఇంటర్వ్యూకి వెళ్లారు, సీటు వచ్చింది. పోస్ట్‌డాక్ జీతం మూడు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, ప్రొఫెసర్ తెచ్చుకున్న ప్రాజెక్టు గ్రాంటు. రెండు, సంస్థ తన సొంత నిధులతో ఇచ్చే పోస్టు. మూడు, మీరే పోటీపడి తెచ్చుకునే ఫెలోషిప్. ఏ దారిలో వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఎవరికి రాయాలి, ఏం రాయాలి, ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి అన్నవన్నీ మారిపోతాయి. అందుకే ఒక ల్యాబ్ మీద మనసు పడగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న, అక్కడ జీతం ఎవరిస్తారన్నది.

మొదటి దారితో మొదలుపెడదాం, ఎక్కువ పోస్టులు భర్తీ అయ్యేది ఇక్కడే కాబట్టి. ప్రొఫెసర్‌కి గ్రాంటు వచ్చిందో లేదో ఊహించాల్సిన పని లేదు. ప్రజాధనం కాబట్టి చాలా దేశాలు ఆ వివరాలు బయటపెడతాయి. అమెరికాలో ఆరోగ్య, జీవశాస్త్రాలకు ప్రభుత్వ నిధుల సంస్థ ఎన్‌ఐహెచ్ వారి రిపోర్టర్, మిగతా సైన్సులకు, ఇంజినీరింగ్‌కు మరో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ వారి అవార్డ్ సెర్చ్ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఐరోపా సమాఖ్య ప్రాజెక్టులకు కార్డిస్, జర్మనీ పరిశోధన నిధుల సంస్థ డీఎఫ్‌జీ ప్రాజెక్టులకు గెప్రిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్. ప్రొఫెసర్ పేరు కొడితే ప్రాజెక్టు పేరు, సారాంశం, మొదలైన తేదీ, చాలాచోట్ల ముగిసే తేదీ, డబ్బు ఎంతో కూడా కనిపిస్తాయి.

ముందు చూడాల్సింది తేదీలు. ఎన్‌ఐహెచ్ ఒక్కో ప్రొఫెసర్ ప్రాజెక్టుకిచ్చే ఆర్‌01 గ్రాంటు సాధారణంగా నాలుగైదేళ్లు నడుస్తుంది. ఆరు నెలల క్రితం మొదలైన గ్రాంటు కనిపించిందంటే ఆ ల్యాబ్‌కి ఇప్పుడు మనుషులు కావాలి. ఇంకో ఎనిమిది నెలల్లో ముగిసేదైతే, రెన్యువల్ వచ్చేదాకా ఆ ప్రొఫెసర్ కొత్తవాళ్లను తీసుకోవడానికి వెనకాడతారు. తర్వాత సారాంశం చదవండి. అక్కడ రాసిన మూడు నాలుగు లక్ష్యాల్లో మీ చేతికి వచ్చిన పని ఏదైనా ఉందా? ఉంటే మీ ఉత్తరంలో మొదటి వాక్యం దొరికినట్టే.

ఐరోపాలో ఈఆర్‌సీ (యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్) గ్రాంట్ల జాబితా ఇలాగే ఉపయోగపడుతుంది. స్టార్టింగ్ గ్రాంటు ఐదేళ్లకు 15 లక్షల యూరోల వరకు ఇస్తారు, ఫలితాలు సాధారణంగా సెప్టెంబరులో వస్తాయి. కన్సాలిడేటర్ గ్రాంటు 20 లక్షల వరకు, ఫలితాలు డిసెంబరులో. గెలిచినవారి పేర్లు, ప్రాజెక్టు పేర్లు అదే రోజు బహిరంగంగా పెడతారు. ఆ తర్వాత కొద్ది నెలల్లో వీళ్లంతా పోస్ట్‌డాక్‌ల కోసం వెతుకుతారు. ప్రకటన పడేదాకా ఆగకుండా జాబితా వచ్చిన వారంలోనే రాస్తే ముందుగా మీ పేరు వాళ్ల దృష్టిలో పడుతుంది. యువ ప్రొఫెసర్లు కాబట్టి ఉత్తరాలు స్వయంగా చదువుతారు కూడా.

ఇక ప్రకటనలు. ఐరోపాకు యూరాక్సెస్, బ్రిటన్‌కు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, నెదర్లాండ్స్‌కు అకడమిక్ ట్రాన్స్‌ఫర్, నార్వేకు జాబ్‌నార్గే, అన్ని దేశాలకూ నేచర్ కెరీర్స్, లెక్కలవాళ్లకు మ్యాథ్‌జాబ్స్, కణ భౌతికశాస్త్రానికి ఇన్‌స్పైర్, ఖగోళశాస్త్రానికి ఏఏఎస్ జాబ్ రిజిస్టర్. వీటిలో కీవర్డు పెట్టి అలర్టు ఆన్ చేసుకుంటే చాలు, రోజూ కూర్చుని వెతకనక్కర్లేదు. ఖగోళశాస్త్రం, సిద్ధాంత భౌతికశాస్త్రం, గణితం వంటి విభాగాల్లో మాత్రం పంచాంగం కచ్చితంగా ఉంటుంది: శరదృతువులో ప్రకటనలు, నవంబరు, డిసెంబరు గడువులు, కొత్త ఏడాది మొదట్లో ఆఫర్లు, ఆ సెప్టెంబరులో చేరిక. డిసెంబరు దాటిందంటే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. ప్రయోగశాల సైన్సుల్లో అలాంటి సీజన్ లేదు, గ్రాంటు వచ్చినప్పుడే పోస్టు.

స్వీడన్ ప్రకటనల్లో ఒక నిబంధనను మనవాళ్లు తరచూ చూడకుండా వదిలేస్తారు. అక్కడి ఒప్పందం ప్రకారం పోస్ట్‌డాక్ పోస్టుకు దరఖాస్తు గడువు నాటికి పీహెచ్‌డీ వచ్చి మూడేళ్లు దాటని వారికి ప్రాధాన్యం. పిల్లల కోసం తీసుకున్న సెలవులాంటివి ఉంటే దానికి సడలింపు ఇస్తారు, కానీ అది మీరే రాసి అడగాలి.

ఇప్పుడు ఆ ఉత్తరం సంగతి. ఇది వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి.

సోడియం అయాన్ బ్యాటరీల క్యాథోడ్ల మీద థీసిస్ చేసిన మనిషి ఉన్నారనుకోండి. మామూలుగా వెళ్లే ఉత్తరం ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన సర్ లేక మేడమ్, మీ ప్రతిష్ఠాత్మక గ్రూపులో పనిచేయాలని నాకు ఎంతో ఆసక్తి. నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను. నా సీవీ జతపరిచాను, దయచేసి పరిశీలించగలరు." ఇందులో ఏ ఒక్క వాక్యాన్నయినా ఏ శాస్త్రంలో ఏ ప్రొఫెసర్‌కయినా పంపొచ్చు. చదివేవారికి ఆ సంగతి రెండో వాక్యానికే తెలిసిపోతుంది. పైగా "సర్ లేక మేడమ్" అన్నారంటే ఎవరికి రాస్తున్నారో కూడా చూసుకోలేదని అర్థం.

అదే మనిషి ఇలా రాయొచ్చు: "డాక్టర్ ఫలానా గారూ, మీ గత ఏడాది పేపర్లో పీ2 రకం ఆక్సైడు ఎక్కువ వోల్టేజి దగ్గర ఓ2గా మారడం వల్ల కెపాసిటీ పడిపోతోందని చూపారు. నా థీసిస్‌లో అదే పదార్థంలో నికెల్ స్థానంలో కొంత మెగ్నీషియం చేర్చి ఆ మార్పును అణచగలిగాను. సెల్ నడుస్తుండగానే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీసే అమరికను మా ల్యాబ్‌లో నేనే నిలబెట్టాను. మీ కొత్త ప్రాజెక్టు సారాంశంలోని రెండో లక్ష్యానికి ఈ అనుభవం పనికొస్తుందని అనుకుంటున్నాను. నవంబరులో థీసిస్ సబ్మిట్ చేస్తున్నాను, వచ్చే మార్చి తర్వాత ఎప్పుడైనా చేరగలను. మీ దగ్గర అవకాశం ఉంటే, లేదా మీ ఆతిథ్యంతో ఏదైనా ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయడం మీకు సమ్మతమైతే, ఇరవై నిమిషాలు మాట్లాడగలరా?"

ఇందులో ఆరు సంగతులు ఉన్నాయి: వాళ్ల సమస్య, దానికి తగిలే మీ పని, మీ చేతిలో ఉన్న టెక్నిక్, ఎక్కడ పనికొస్తుందో, ఎప్పటికి వస్తారో, మీరు అడుగుతున్నది ఏమిటో. ఇంగ్లిష్‌లో 150 నుంచి 200 పదాలు చాలు. సబ్జెక్టు లైనులో "పోస్ట్‌డాక్ రిక్వెస్ట్" అని ఊరుకోకుండా పదార్థం పేరు, టెక్నిక్ పేరు, ఎప్పటి నుంచి వీలో పెట్టండి. సీవీ ఒక్కటే పీడీఎఫ్, ఫైలు పేరులో మీ పేరు ఉండాలి. పదహారు సర్టిఫికెట్లు జతపరిస్తే ఎవరూ తెరవరు. వాళ్ల టైము ప్రకారం వారం మధ్యలో ఉదయం చేరేలా పంపండి. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తు చేయండి, రెండోసారి వద్దు.

ఇలాంటి ఉత్తరం ఒకటి రాయడానికి ఒక సాయంత్రం పడుతుంది. వారానికి మూడు నాలుగు మించవు. రెండు నెలల్లో ఇరవై ఐదు, ముప్పై ఉత్తరాలవుతాయి. రెండు వందల ఉత్తరాల కన్నా ఈ ముప్పైకే ఎక్కువ జవాబులు వస్తాయని గట్టిగా చెప్పగలను. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఐదుగురికి ఒకే ఉత్తరం పంపితే మాత్రం వాళ్లు భోజనాల దగ్గర మాట్లాడుకుంటారని గుర్తుంచుకోండి.

సీవీ విషయంలో మన బయోడేటా అలవాటు వదిలించుకోవాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందో లేదో, పాస్‌పోర్టు ఫొటో, చివర "పైన తెలిపినవన్నీ నిజమని ఇందుమూలంగా" అన్న డిక్లరేషను, కింద సంతకం, ఇవేవీ విదేశీ సీవీలో అక్కర్లేదు. అమెరికా, బ్రిటన్‌లలోనైతే వయసు, పెళ్లి సంగతి రాస్తే వాళ్లే ఇబ్బంది పడతారు. టెన్త్, ఇంటర్ మార్కులు తీసేయండి. పేపర్ల జాబితాలో మీ పేరు బోల్డ్ చేసి, ముఖ్యమైన రెండు మూడింటి కింద మీరు స్వయంగా చేసిందేమిటో ఒక్క వాక్యం చేర్చండి. పది మంది పేర్లున్న పేపర్లో మీ వాటా ఎంతో చదివేవారికి ఎలా తెలుస్తుంది? రివ్యూలో ఉన్న పేపర్ ఉంటే దాని ప్రీప్రింట్ (అచ్చుకు ముందు ప్రతి) ఆన్‌లైన్‌లో పెట్టి లింకు ఇవ్వండి. "అండర్ ప్రిపరేషన్" అని ఐదు పేర్లు రాస్తే ఒక్కటీ నమ్మరు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్లలోని పేపర్లను జాబితాలోంచి తీసేయడమే మంచిది. అవి ఉంటే మంచి పేపర్ల మీద కూడా అనుమానం వస్తుంది.

మన తెలుగువాళ్లకే వచ్చే చిక్కు ఒకటుంది, పేరు. ఇంటిపేరు ముందు రాసి పొడి అక్షరంగా కుదించడం మన అలవాటు. "కె. వెంకటేశ్వర రావు" అని పేపర్లో వేస్తే డేటాబేసుల్లో "రావు" ఇంటిపేరైపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మీద పొడి అక్షరం, ఒక పేపర్లో ఒకలా, ఇంకో పేపర్లో ఇంకోలా. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ఇచ్చిన పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" (పేరు తెలియదు) అని పడి, అసలు పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది. ఇవన్నీ ఆఫర్ వచ్చాక దిద్దుకుందామంటే నెలలు పడతాయి. థీసిస్ సబ్మిట్ చేసే ముందే పాస్‌పోర్టులో ఉన్న రూపాన్నే అంతటా ఖాయం చేసుకోండి. పరిశోధకులకిచ్చే గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ నంబరు, ఉచితం, పదహారు అంకెలు, దాని కింద పాత పేపర్లన్నీ ఒకచోట కలపండి.

రిఫరెన్సు లెటర్లు. మన దగ్గర గైడు చాలాసార్లు "నువ్వే డ్రాఫ్టు రాసుకురా, సంతకం పెడతాను" అంటారు. ముగ్గురూ అలాగే అంటే మూడు ఉత్తరాలూ ఒకే చేతిరాతలా, ఒకే విశేషణాలతో వెళ్తాయి. ఎంపిక కమిటీలో చదివేవారు దాన్ని ఇట్టే పసిగడతారు. దానికి మంచి విరుగుడు ఉంది. డ్రాఫ్టు బదులు ప్రతి ఒక్కరికీ ఒక పేజీ వివరాల కాగితం ఇవ్వండి: ఏ పోస్టు, గడువు ఎప్పుడు, ఆ ల్యాబ్ ఏం చేస్తుంది, మీరు ఆ రిఫరీ కళ్లముందు చేసిన రెండు మూడు పనులు తేదీలతో సహా. "ఫలానా ఏడాది పరికరం పాడైనప్పుడు వాక్యూమ్ పంపు విప్పి బాగుచేశాడు" లాంటి ఒక్క వాక్యం పది విశేషణాల పెట్టు. ఇలాంటి సంగతులు గైడుకి గుర్తుండవు, మీరే గుర్తు చేయాలి.

కనీసం నాలుగు వారాల ముందు అడగండి. రిఫరీ అడ్రసు సంస్థ ఈమెయిలే ఇవ్వండి, జీమెయిల్ అడ్రసులను కొన్ని పోర్టళ్లు తీసుకోవు. అప్‌లోడు లింకు పోర్టల్ నుంచి నేరుగా రిఫరీకి వెళ్తుంది, చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. దరఖాస్తు నొక్కిన రోజే ఫోన్ చేసి "సర్, లింకు వచ్చిందా, స్పామ్ ఒకసారి చూస్తారా" అని అడగడంలో మొహమాటం వద్దు. రెండు లెటర్లు చేరి మూడోది అందక కొట్టుకుపోయే దరఖాస్తులు ప్రతి ఏడాదీ ఉంటాయి. గైడుతో సంబంధం బాగాలేకపోతే మొదటే కో-గైడును, డాక్టోరల్ కమిటీ సభ్యుణ్ణి, కలిసి పేపర్ రాసిన బయటి శాస్త్రవేత్తను సిద్ధం చేసుకోండి. గైడు లెటర్ ఎందుకు లేదని అడిగితే చెప్పడానికి ఒక్క వాక్యం, ఫిర్యాదులా లేకుండా, ముందే ఆలోచించుకోవాలి.

ఇక ఫెలోషిప్పులు. ఇక్కడ డబ్బు మీతోపాటే వస్తుంది కాబట్టి మంచి ల్యాబుల తలుపులు సులువుగా తెరుచుకుంటాయి. కానీ నెలల తరబడి ఎదురుచూపు ఉంటుంది, నిబంధనల్లో ఒక్క తేదీ తేడా వచ్చినా మొత్తం పోతుంది.

ఐరోపావారి మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ గడువు సెప్టెంబరులో, ఫలితాలు తర్వాతి ఫిబ్రవరి ప్రాంతంలో. గడువు నాటికి పీహెచ్‌డీ చేతిలో ఉండాలి, ఆ తర్వాతి పరిశోధన అనుభవం ఎనిమిదేళ్లు మించకూడదు. వెళ్లాలనుకునే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో ఇప్పటికే ఏడాదిన్నరగా ఉన్నవారు జర్మనీకి వేస్తే చెల్లదు, పక్కనున్న ఆస్ట్రియాకు వేయొచ్చు. దరఖాస్తు ప్రధాన భాగం పది పేజీలు. శాస్త్రానికి 50 శాతం, ప్రభావానికి 30, అమలుకు 20 శాతం మార్కులు. మనవాళ్లు తొమ్మిది పేజీలు శాస్త్రమే రాసి మిగతా రెండింటినీ ఒక పేజీలో చుట్టేస్తారు, మార్కులు పోయేది అక్కడే. పోటీ కూడా బాగా పెరిగింది: 2024లో 10,360 దరఖాస్తులు, 2025లో 17,058. మే నెలకల్లా ఆతిథ్య ప్రొఫెసర్ ఒప్పుకుని ఉండాలి. చాలా యూనివర్సిటీలు తమ తరఫున వేసేవారికి వేసవిలో వర్క్‌షాపు పెట్టి, గతంలో గెలిచిన దరఖాస్తులు చూపిస్తాయి. అడిగితేనే చూపిస్తాయి.

జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్ నాకు మనవాళ్లకు బాగా సరిపోయేదనిపిస్తుంది. పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు వేయాలి, 6 నుంచి 24 నెలలు. ఏడాది పొడవునా దరఖాస్తు తీసుకుంటారు, ఏడాదికి మూడుసార్లు ఎంపిక. దేశానికింత, సబ్జెక్టుకింత అన్న కోటాలు లేవు. జపాన్ జేఎస్‌పీఎస్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయి ఆరేళ్లలోపు ఉండాలి, 12 నుంచి 24 నెలలు, నెలకు 3,62,000 యెన్లు. దీనికి దరఖాస్తు వేసేది మీరు కాదు, అక్కడి ప్రొఫెసర్ తన సంస్థ ద్వారా వేస్తారు. సంస్థ లోపలి గడువు అసలు గడువు కన్నా కొన్ని వారాలు ముందే ముగుస్తుంది. ఇది తెలియక ఆఖరి వారంలో రాసి భంగపడతారు. జీవశాస్త్రంవాళ్లకు ఐరోపా జీవశాస్త్ర సంస్థ ఎంబో ఇచ్చే ఫెలోషిప్ ఉంది, 2016 నుంచి భారత్ అందులో అనుబంధ సభ్యదేశం. పీహెచ్‌డీ వచ్చిన రెండేళ్లలోపే వేయాలి.

మన దేశంలోనే చేయాలనుకునేవారికి, ఇప్పుడు కేంద్ర పరిశోధన నిధుల సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ కిందికి వచ్చిన జాతీయ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ పెద్ద దారి. వయసు 35 లోపు, మహిళలకూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకూ ఐదేళ్ల సడలింపు, కాలం రెండేళ్లు. జీవితంలో ఒక్కసారే. మెంటార్ దగ్గర అప్పటికే ఎందరు ఫెలోలు ఉన్నారో ముందే అడగండి, వాళ్లకు పరిమితి ఉంటుంది. ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్ పోస్టులకు 2023లో సవరించిన రేట్లు నెలకు 58,000, 61,000, 67,000, అనుభవాన్ని బట్టి; ఇంటి అద్దె భత్యం అదనం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీడీఎఫ్‌డీ, టీఐఎఫ్‌ఆర్, హైదరాబాద్ యూనివర్సిటీ, ఐఐటీ, తిరుపతిలో ఐఐటీ, ఐసర్, ఇన్ని సంస్థలు మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. వీటి ప్రకటనలు చాలాసార్లు సంస్థ వెబ్‌సైటులో ఒక మూల పీడీఎఫ్‌గా పడి రెండు మూడు వారాల్లో గడువు ముగుస్తాయి. సోమవారం ఉదయం పది నిమిషాలు ఆ పేజీలన్నీ తిరగేయడం అలవాటు చేసుకోండి. వాక్-ఇన్ అయితే ఒరిజినల్స్, కుల ధ్రువీకరణ పత్రం, సంతకం చేసిన ఫారం, అన్నీ వెంట ఉండాలి. స్వతంత్రంగా ల్యాబ్ నడపాలని చూసే బయోమెడికల్‌వాళ్లు హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులను తప్పక చూడాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పోస్ట్‌డాక్ అంటే జీతమిచ్చే ఉద్యోగం, లేదా స్టైపెండు ఇచ్చే ఫెలోషిప్. "మీరు ఫీజు కట్టండి, ఏడాదికి పోస్ట్‌డాక్ సర్టిఫికెట్ ఇస్తాం" అనే సంస్థలు ఈమధ్య వాట్సాప్‌లో కనిపిస్తున్నాయి. ఆ కాగితాన్ని ఏ ల్యాబూ లెక్కచేయదు. ఆఫర్ లెటర్ కోసం డబ్బు అడిగే కన్సల్టెన్సీలకూ దూరంగా ఉండండి.

ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందంటే సగం గెలిచినట్టే. సాధారణంగా జూమ్‌లో 20, 30 నిమిషాల టాక్, తర్వాత ప్రశ్నలు. ఇరవై నిమిషాలకు పదిహేను స్లయిడ్లు మించనివ్వకండి. పీహెచ్‌డీ మొత్తం చెప్పాలన్న ఆత్రంలో చాలామంది మొదటి ఏడు నిమిషాలు నేపథ్యానికే ఖర్చుపెట్టి, అసలు ఫలితం దగ్గరికొచ్చేసరికి పరుగులు తీస్తారు. ఒక పేపర్ పూర్తిగా, రెండోది ఒక్క స్లయిడ్‌లో, చివరి రెండు స్లయిడ్లు వాళ్ల ల్యాబ్‌లో ఏం చేస్తారో. తప్పక వచ్చే ప్రశ్న "ఈ ప్రయోగం మీరే చేశారా?" వేరే కాలేజీలో, కంపెనీలో ఎక్కడ చేయించినా ఉన్నదున్నట్టు చెప్పండి. తెలియని ప్రశ్నకు "తెలియదు, కానీ ఇలా కనుక్కుంటాను" అన్నది మంచి జవాబు.

తర్వాత మీరు అడగాల్సినవి. డబ్బు ఏ గ్రాంటు నుంచి, ఎప్పటిదాకా? ఒప్పందం ఏడాదే అయితే రెన్యువల్ దేని మీద ఆధారపడుతుంది? వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో ఏ భాగం నా వెంట తీసుకెళ్లొచ్చు? గత రెండేళ్లలో ఈ ల్యాబ్ నుంచి వెళ్లినవాళ్లు ఎక్కడున్నారు? ఆ వెళ్లినవాళ్లలో ఇద్దరితో విడిగా ఫోన్‌లో మాట్లాడండి. ఈమెయిల్‌లో అందరూ మంచే రాస్తారు, ఫోన్‌లో రెండు క్షణాలు ఆగి మాట్లాడితే ఆ మౌనంలోనే విషయం తెలుస్తుంది.

జీతం అంకెలు దేశాన్ని బట్టి. జర్మనీలో పోస్ట్‌డాక్ ఉద్యోగం ఎక్కువగా ప్రభుత్వ జీతాల పట్టికలోని ఈ13 గ్రేడు, ఆ పట్టిక బహిరంగమే. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎన్‌ఐహెచ్ స్టైపెండు పట్టికను కనీసంగా తీసుకుంటాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో మొదటి ఏడాదికి అది 61,008 డాలర్లు. బోస్టన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి అద్దెకే ఆ జీతంలో పెద్ద భాగం పోతుంది. కుటుంబంతో వెళ్లేవారు హెల్త్ ఇన్సూరెన్సులో భార్యాపిల్లలకు ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడగండి.

అమెరికా వీసా దగ్గర జాగ్రత్త. అక్కడే పీహెచ్‌డీ చేసినవారికి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి), స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) అయితే ఇంకో 24 నెలలు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి వేయొచ్చు. మొదటి ఓపీటీలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఇక్కడి నుంచి వెళ్లేవారికి ఎక్కువగా జే-1 రీసెర్చ్ స్కాలర్ వీసా, గరిష్ఠంగా ఐదేళ్లు. ఏడాదికే ప్రోగ్రామ్ ముగించి తిరిగొస్తే, మళ్లీ రీసెర్చ్ స్కాలర్‌గా వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. "రెండేళ్లు స్వదేశంలో ఉండాలి" అన్న షరతు వేరే, దాన్నీ దీన్నీ కలిపేసుకోకండి. ఆ షరతుకు కారణమయ్యే నైపుణ్యాల జాబితాలోంచి 2024 డిసెంబరు 9 నుంచి భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ డబ్బుతో వెళ్లేవారికి మాత్రం అది ఇంకా వర్తిస్తుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా అయితే, అమెరికా బయట ఉన్నవారికి వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల చెల్లింపు 2025 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి, ఏ వీసా ఇస్తారో యూనివర్సిటీ అంతర్జాతీయ కార్యాలయాన్ని ఆఫర్ ఒప్పుకునే ముందే అడగాలి. కాన్సులేట్‌కి సీవీ, పేపర్ల జాబితా, మామూలు భాషలో ఒక పేజీ పరిశోధన సారాంశం పట్టుకెళ్లండి. సైన్సు పీహెచ్‌డీలకు అదనపు పరిశీలన పడి వారాలు పట్టడం మామూలే, అప్పుడు ఇవే అడుగుతారు. బ్రిటన్‌కు చాలా సైన్సు, ఇంజినీరింగ్ సబ్జెక్టుల్లో వీసా కన్నా ముందు అటాస్ అనే భద్రతా పరిశీలన క్లియరెన్సు తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఆఖరి నిమిషంలో పట్టుకునేది పీహెచ్‌డీ తేదీ. మన యూనివర్సిటీల్లో సబ్మిషన్ ఒక రోజు, ఎగ్జామినర్ల రిపోర్టులు వచ్చేది కొన్ని నెలల తర్వాత, వైవా ఇంకో రోజు, అవార్డు నోటిఫికేషన్ ఇంకో రోజు, కాన్వొకేషన్ ఎప్పుడో. ఫెలోషిప్ గడియారం ఏ తేదీ నుంచి మొదలవుతుందో ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. ఆఫర్ ఇచ్చిన యూనివర్సిటీ హెచ్‌ఆర్‌కి "ప్రొవిజనల్" అన్న మాటకు అర్థం తెలియదు, డిగ్రీ ఇంకా రాలేదనుకుంటారు. వైవా అయిన వారంలోనే కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ నుంచి లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం తీసుకోండి: డిగ్రీకి కావాల్సినవన్నీ ఫలానా తేదీకి పూర్తయ్యాయి, ఇక మిగిలింది కాన్వొకేషన్ మాత్రమే అని. ప్రొవిజనల్ సర్టిఫికెట్, నోటిఫికేషన్ కాపీ, ఈ ఉత్తరం, మూడూ కలిపి ఒకే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. చేరే తేదీ ఒప్పుకునేటప్పుడు వీసాకి, ఈ కాగితాలకి కలిపి నాలుగు నెలలు అడగండి. చాలామంది ప్రొఫెసర్లు ఇస్తారు. ఆ నాలుగు నెలల్లో థీసిస్‌లో మిగిలిన పేపర్లను సబ్మిట్ చేసేయండి, కొత్త ల్యాబ్‌లో చేరాక వాటికి మీ దగ్గర సాయంత్రాలు మిగలవు.